గోడ మీద మొదటి వరస

మా ప్రహరీగోడ కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే రోడ్డు వెంట అరవై గజాల పొడవు ఉంటుంది. దాని వెనక ఇల్లు సగానికి పైగా కూలిపోయింది. వసారా, రెండు గదులు, వంటిల్లు మిగిలాయి. వాటిలో నేనూ, నాకంటే మూడేళ్ళు పెద్దదైన మా అక్కా ఉండేవాళ్ళం. ఊళ్ళో దాన్ని ఇప్పటికీ పెద్దిల్లు అనే అంటారు. కొందరు అలవాటు కొద్దీ అంటారు, కొందరు నవ్వడానికి అంటారు. ఎవరు ఎందుకంటున్నారో గొంతును బట్టి నాకు తెలిసిపోతుంది.

ఆ రోడ్డు మీద ఏ గోడ చూసినా సిమెంటు బస్తాలు, పత్తి విత్తనాలు, ఇంగ్లీషు మీడియం స్కూళ్ళు. మా గోడ మీద మాత్రం ఒక్క అక్షరం ఉండేది కాదు. తాత రాయనివ్వలేదు, నాన్న రాయనివ్వలేదు. భూములు కొన్ని కోర్టుల్లో, కొన్ని మావాళ్ళ సంతకాల్లో పోయాక నేనూ రాయనివ్వలేదు. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర మోసుకుపోయే లారీలు రోజంతా దాని పక్కనుంచే వెళ్తాయి. వాటి దుమ్ము తప్ప మా గోడ ఇంకెవరిదీ మోయలేదని నాకు లోపల ఒక గర్వం.

ఈ చలికాలంలో ఒకమ్మాయి ఆ గోడ కోసమే వచ్చింది. ఖమ్మం ఖానాపురం హవేలిలో ఇల్లు, తల్లి దవాఖానాలో నర్సు. హైదరాబాదులో బొమ్మల చదువు చదివింది. స్కూటీ తాళానికి చిన్న శిలువ వేలాడుతోంది. "ఈ రోడ్డు మీద ఖాళీగా ఉన్న గోడ మీదొక్కటే అంకుల్" అంది. నేను ఎవరికీ అంకుల్‌ని కానని చెప్పాను. ఆ పిల్ల ఏమీ అనుకోలేదు. అప్పటినుంచి సార్ అంది.

ఆమె చేసే పని ఏమిటో అర్థం కావడానికి నాకు రెండు టీల సమయం పట్టింది. ఫోన్ మనకు చూపించే ప్రకటనలే ఆమె బొమ్మలకు సరుకు. వాళ్ళ నాయనమ్మ జబ్బుపడ్డప్పుడు ఇంట్లోవాళ్ళు చక్రాల కుర్చీ కోసం, మంచం మీద పరిచే రబ్బరు గుడ్డ కోసం ఫోన్‌లో వెతికారట. ఆవిడ పోయిన రెండు నెలల దాకా ఆ ప్రకటనలు వస్తూనే ఉన్నాయట. ఈ పిల్ల వాటన్నిటినీ నాయనమ్మ చీర మీద అద్దకం వేసి, ఆ చీరను హైదరాబాదులో ప్రదర్శనకు పెట్టింది. "మనిషి పోయిందని ఫోన్‌కు చెప్పేటోళ్ళు ఎవరూ లేరు సార్" అంది. ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు.

మా ఊళ్ళో ఏడుగురి దగ్గర ఫోన్ అడిగి, పదకొండు రోజుల పాటు ప్రతి ఉదయం ఆ ఫోన్ మొదట చూపిన ప్రకటనను గోడ మీద వేయిస్తుంది. ఒక్కొక్కరికి ఒక వరస. వరసకు అంకె మాత్రమే ఉంటుంది, పేరు ఉండదు. "నేను మనిషిని గీయను సార్. అమ్మేటోళ్ళు ఆ మనిషిని ఎవరనుకుంటున్నరో అది గీస్త." వేసేది ఆమె కాదు. ఫ్లెక్సీలు వచ్చాక పని లేకుండా పోయిన ఒక ముసలి గోడ పెయింటర్‌ను పాల్వంచ నుంచి వెతికి పట్టుకొచ్చింది. ఒకప్పుడు ఈ రోడ్డు మీది సిమెంటు బస్తాలన్నీ అతని చేతివే.

నేను ఒప్పుకోవడానికి అసలు కారణం కళ కాదు. గోడ నాది కాబట్టి మొదటి వరస నాకే ఇస్తానంది. ఫోన్‌కు నా గురించి ఏదో తెలిసే ఉంటుందని, అది నన్ను ఊరివాళ్ళకంటే మర్యాదగానే చూస్తుందని అనుకున్నాను. పాత కార్లు, టేకు తలుపులు, వెండి సామాను వస్తాయని ఊహించుకున్నాను. ఒక్కటే షరతు పెట్టింది: వద్దనుకున్నది వేయకముందే చెప్పాలి, వేశాక చెరపదు. చూడాల్సిన పని లేదన్నాను. మా ఇంట్లో దాచుకునేదేమీ లేదన్నాను. రోజూ ఉదయం వసారాలోనే ఫోన్ ఆమె చేతిలో పెట్టి, బయట కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి.

మొదటి రోజు పెయింటర్ బ్రష్ ముంచి, గోడను చేత్తో నిమిరి, "దొరా, మీ నాయన ఉన్నప్పుడు ఈ గోడ దిక్కు చూస్తెనే కర్ర పట్టుకొని వచ్చెటోడు" అన్నాడు. రంగు డబ్బా అయిపోయేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

మొదటి మూడు బొమ్మలూ ఆయిల్‌పామ్ ఎరువు, మోకాళ్ళ నూనె, బోరు మోటారు. గొప్పగా లేవు కానీ పరువు తక్కువవీ కావు. నాలుగో రోజు పెద్ద అల్యూమినియం డేగిసాలు వచ్చాయి, యాభై మందికి వండేవి. అయిదో రోజు పసుపు చతురస్రంలో ఎర్ర అక్షరాలు: వృద్ధులను చూసుకొనుటకు మహిళలు కావలెను, వయసు పట్టింపు లేదు. ఆరో రోజు మహిళల హాస్టల్, భద్రాచలం, భోజనంతో.

జనం అప్పటికే గోడ దగ్గర గుంపు కట్టడం మొదలుపెట్టారు. ఏ వరస ఎవరిదో చెప్పుకోవడం ఊరికి ఆటైపోయింది. రెండో వరసలో జుట్టు మొలిచే నూనె, బుల్లెట్ బండి, పాత ఫోన్లు వచ్చాయి. అది ఎవరిదో అందరికీ తెలుసు. మొదటి వరస ఎవరిదో మాత్రం తెలియలేదు. టైలరు భార్యదన్నారు కొందరు, ఆశా వర్కరుదన్నారు ఇంకొందరు. పెయింటర్ నిచ్చెన మీంచి తీర్పు చెప్పాడు.

"మొదటి వరస ఎవరో ఒంటి ఆడమనిషి. రెండో వరస బట్టతలోనికిచ్చి చేస్తె ఇద్దరి ఖర్చూ తగ్గుతది."

అందరితో పాటు నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం అమ్మాయిని పక్కకు పిలిచి, మీ యంత్రం తప్పు చేస్తోందన్నాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. ఫోన్ ఊరికే ఎవరినీ ఆయా అనుకోదు. ఎవరో వెతికితేనే అనుకుంటుంది. చివర్లో అడిగింది: "మీ అకౌంట్ ఇంకెవరి ఫోన్లోనన్న ఉందా సార్?"

లేదన్నాను. వసారా దాటి లోపలికి వస్తుంటే వంటింట్లోంచి పోపు చిటపటలు వినపడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది.

రెండేళ్ళ కిందట నేను కొత్త ఫోన్ కొన్నప్పుడు పాతది అక్కకు ఇచ్చాను. కొత్తగూడెం షాపులో కుర్రాడు ఆమె పేరుతో వేరే అకౌంట్ తెరుస్తానన్నాడు. పేరు, పుట్టిన తేదీ అడిగాడు. మా ఇంటి ఆడవాళ్ళ పేరు నీ కంప్యూటర్లో ఎందుకు, నాదే ఉండనివ్వు అన్నాను. మా ఇంట్లో మొదటినుంచీ అంతే. రేషన్ కార్డు దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా ఆడపేరు గడప దాటేది కాదు. పెళ్ళి శుభలేఖలో కూడా అక్క పేరు ముందు మా తాత పేరు, నాన్న పేరు రెండు వరసలున్నాయి. షాపు కుర్రాడు సరే దొరా అని నా అకౌంటే ఉంచేశాడు. అది మర్యాద అనుకున్నాను.

ఫోన్‌లో వెతికినవన్నీ ఎక్కడ ఉంటాయో ఆ సాయంత్రమే అమ్మాయి చూపించింది. గదిలో మంచం మీద కూర్చుని తెరిచాను. నావి కొన్నే ఉన్నాయి. మిగతావన్నీ మధ్యాహ్నం రెండింటికీ నాలుగింటికీ మధ్య, నేను కునుకు తీసే వేళలో వెతికినవి.

హాస్టల్ వంట పని భద్రాచలం. యాభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళకు పని ఇస్తారా. వంద మందికి పప్పు ఎంత. సంతకం ఇంగ్లీషులో పెట్టడం ఎలా. ఒంటరిగా గదిలో ఉండే ఆడవాళ్ళకు భయం ఎలా పోతుంది.

చివరిదాన్ని మూడుసార్లు వెతికింది.

అక్క ఇరవై ఏడో ఏట భర్త పోయి ఈ ఇంటికి తిరిగొచ్చింది. ముప్పై రెండేళ్ళుగా ఆ వంటింట్లోనే ఉంది. ఆమె వెళ్ళిపోవాలనుకుంటోందన్న మాట మొదట నాకు తట్టనే లేదు. నా తలలో తిరిగిందంతా ఒక్కటే. గోడ మీద ఇంకా అయిదు బొమ్మలు మిగిలాయి. పదకొండో రోజుకల్లా ఊరు లెక్క తేల్చేస్తుంది. పెద్దింటి ఆడపడుచు పరాయివాళ్ళకు వండిపెట్టడానికి పోతోందని, నాకంటే ముందు లారీ డ్రైవర్లు చదువుతారు.

ఆమెను అడగవచ్చు. మా ఇంట్లో అడగడం అనేది లేదు. భోజనం దగ్గర అన్నం తగ్గితే వడ్డిస్తుంది, ఎక్కువైతే నేను చెయ్యి అడ్డం పెడతాను. అంతే మాట. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె చేతులవైపే చూశాను. వేళ్ళ చివర పసుపు. గిన్నె నా వైపు జరిపి, తన కంచంలో చూసుకుంటూ తింది.

మర్నాటినుంచి నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె వెతుకులాటను నా వెతుకులాటతో ముంచేయాలనుకున్నాను. గది తలుపు వేసుకుని పొద్దున్నుంచీ టైపు చేశాను. వెండి పిడి చేతికర్ర. గుర్రపు జీను. వేట తుపాకీ లైసెన్సు. ట్రాక్టరు. ట్రాక్టరు అని పాతిక సార్లన్నా కొట్టి ఉంటాను. ఎనిమిదో రోజు ఉదయం అమ్మాయి ఫోన్ చూసి ఆనందంతో చప్పట్లు కొట్టింది. మహిళలకు ట్రాక్టర్ డ్రైవింగ్ శిక్షణ, వసతి కలదు. పెయింటర్ దాన్ని ప్రేమగా వేశాడు. స్టీరింగు వెనక చీర కట్టుకున్న మనిషి. కొంగు గాలికి ఎగురుతోంది.

"మొదటి వరస అక్క మస్తు హుషారున్నది దొరా" అన్నాడు. మీసం తిప్పుకోవడానికి పోయిన నా చెయ్యి కిందికి దిగిపోయింది.

అమ్మాయి దగ్గరికి వెళ్ళి ఆ వరస ఆపేయమని చెబుదామని రెండుసార్లు లేచాను. ఎందుకంటే ఏం చెప్పాలి? కారణం చెప్పడమంటే ఊరికి చెప్పడమే. చెప్పకపోతే నా మాట మీద నేను నిలబడని మనిషినవుతాను. వేశాక చెరపకూడదని తలూపింది నేనే. దాచుకునేదేమీ లేదన్నదీ నేనే. తొమ్మిదో రోజు తెల్లటి కాటన్ చీరలు, పనివాళ్ళ యూనిఫాం. పదో రోజు కాళ్ళ నొప్పులకు మెత్తటి చెప్పులు, గంటల తరబడి నిలబడి పనిచేసేవారికి. వాటిని చూస్తుంటే నాకు ఒక మనిషి తయారవుతున్నట్టనిపించింది. బట్టలు వచ్చాయి, చెప్పులు వచ్చాయి. ఇంక బయల్దేరడమే మిగిలింది.

ఇక్కడ ఇంకొకటి చెప్పాలి. అక్కకు ముప్పై నాలుగేళ్ళప్పుడు ఊరి అంగన్‌వాడీకి టీచరుగా ఆమెను తీసుకుంటున్నామని కాగితం వచ్చింది. ఆమెకు తెలియకుండా ఊళ్ళోవాళ్ళెవరో దరఖాస్తు పెట్టారని అప్పుడు అనుకున్నాను. పోస్ట్‌మ్యాన్ నా చేతికిచ్చాడు. చదివి బీరువాలో నాన్న ధోవతుల కింద పెట్టాను. ఆమెకు చెప్పలేదు. చించలేదు కూడా. చించితే తప్పు చేసినట్టవుతుందని, దాస్తే తప్పు కాదని ఏదో లెక్క.

పదకొండో రోజు ఉదయం ఫోన్ అమ్మాయికి ఇచ్చేముందు మొదటిసారి నేనే చూశాను. చక్రాలున్న సూట్‌కేసు. ముదురాకుపచ్చ రంగు. మీ ఊరికి రేపే డెలివరీ.

ఫోన్ ఇవ్వకుండా వంటింట్లోకి నడిచాను. అక్క పీట మీద కూర్చుని గోంగూర ఏరుతోంది.

"పెట్టె కొంటున్నావట" అన్నాను.

తలెత్తలేదు. "కొన్నాను. రేపు వస్తుంది."

"ఊరంతటికీ తెలిసేలోగా నాతో ఒక్క మాట అనాల్సింది."

"పదకొండు రోజుల నుంచీ అంటూనే ఉన్నానురా. నువ్వు కుర్చీ వేసుకుని మరీ చదువుతున్నావు." పుల్లలు తీసి పక్కన పడేసింది. "డేగిసాలు వేసిన రోజే అది నేనని నాకు తెలిసిపోయింది. గేటు సందులోంచి చూశాను. ఆ పిల్లను పిలిచి ఆపమందామనుకున్నా. మళ్ళీ అనుకున్నా, నోటితో నీకు చెప్పలేనిది గోడ చెబుతోంది, చెప్పనీ అని."

పరాయివాళ్ళ వంటింట్లో చాకిరీ ఏమిటన్నాను. నా గొంతు నాన్న గొంతులా వినపడింది నాకే.

"ఇది నా వంటిల్లని నీకు ఎవరు చెప్పారు?" అంది. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

ఆమె చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఆ అంగన్‌వాడీ కాగితం ఇంకా నాన్న ధోవతుల కిందే ఉందా, పారేశావా?"

"ఉంది" అన్నాను.

"దరఖాస్తు పెట్టింది నేనే. జవాబు కోసం రెండేళ్ళు చూశాను. తర్వాత నాన్న ధోవతులు ఎండేస్తుంటే దొరికింది. మళ్ళీ అక్కడే పెట్టేశాను. నువ్వు ఎప్పుడు ఇస్తావో చూద్దామని."

ఇరవై మూడేళ్ళు. ఏటా ఎండాకాలంలో ఆ బట్టలు దండెం మీద ఎండేవి. ఏటా ఆ కాగితం మళ్ళీ మడతలో అదే చోటికి వెళ్ళేది. మధ్యలో ఆమె చేతుల మీదుగా వెళ్తోందని నాకు ఒక్కసారీ తట్టలేదు.

ఆ తర్వాత విషయాలు ఆమే చెప్పింది. సారపాక దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్. అడవి పల్లెల నుంచి వచ్చి చదువుకునే పిల్లలు. వంట చూసుకోవాలి, పక్కనే గది ఇస్తారు. అనుభవం ఎంతని ఫోన్‌లో అడిగితే ముప్పై రెండేళ్ళని చెప్పిందట. ఎక్కడ చేశారంటే ఒకే ఇంట్లో అందట. అవతలివాళ్ళు, అంత కాలం ఒకేచోట చేసిన మనిషి మాకు కావాలన్నారట. అది చెబుతూ నవ్వింది. ఉన్నట్టుండి ఆగి, "భయమేస్తోందిరా" అంది. "నాకూ" అన్నాను. మా ఇద్దరి మధ్య అంత నిజమైన మాట అంతకుముందు నడిచినట్టు గుర్తులేదు.

ఫోన్ తీసుకెళ్ళి అమ్మాయికి ఇచ్చాను. సూట్‌కేసు గోడ మీదికెక్కింది.

ఆదివారం పొద్దున గోడ చూడ్డానికి జనం వచ్చారు. ఖమ్మం నుంచి అమ్మాయి తల్లి, ఇద్దరు ముగ్గురు బొమ్మల వాళ్ళు, మా ఊరు దాదాపు మొత్తం. అమ్మాయి మైకు లేకుండానే నాలుగు మాటలు చెప్పింది. అప్పుడు గేటు తీసుకుని అక్క బయటికి వచ్చింది. పెద్దింటి గేటు దాటి ఆమె జనంలోకి నడిచి రావడం ఆ ఊరు చూసింది తక్కువ. నేరుగా అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "ఆ మొదటి వరస నాదమ్మా. దాని కింద పేరు రాయించు" అంది. పేరు పెట్టకూడదని అమ్మాయి రూలు. "రూలు మీ కోసమే కదా ఆంటీ" అంది ఆ పిల్ల. అక్క ఆంటీ అన్నందుకు ఏమీ అనలేదు.

అక్క తన పేరు చెప్పింది. ఇంటిపేరు చెప్పలేదు. మా తాత పేరూ, నాన్న పేరూ చెప్పలేదు.

పెయింటర్ బ్రష్ తీసుకున్నాడు కానీ నిచ్చెన ఎక్కలేదు. నా వైపు చూశాడు. అతను చూశాడు కాబట్టి అందరూ చూశారు. రెండో వరస బట్టతలవాడు కూడా. చివరికి నడిచి వెళ్ళి నిచ్చెనను రెండు చేతులతో పట్టుకున్నాను. నేల అక్కడ ఎగుడుదిగుడు, ఎవరో ఒకరు పట్టుకోవాలి.

"గట్టిగ పట్టుకో దొరా, ముసలోణ్ణి" అని పెయింటర్ ఎక్కాడు. నా భుజం మీద నీలిరంగు చుక్కలు పడుతుంటే, పైన ఒక్కొక్క అక్షరం పడుతుంటే, నేను తల ఎత్తకుండా నిలబడ్డాను.

బుధవారం బస్సెక్కించాను. ఆకుపచ్చ పెట్టె నేనే లాక్కెళ్ళాను, చక్రాలు రోడ్డు మీద చేసిన చప్పుడుకు కల్లు దుకాణం దగ్గర ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. అంతకుముందు రోజే కొత్తగూడెం షాపులో ఆమె పేరుతో అకౌంట్ తెరిపించాం. పుట్టిన తేదీ ఆమే చెప్పింది. నాకు తెలిసిన తేదీ అది కాదు.

మొదటి నెల పరీక్ష కింద తీసుకున్నారు. ఉంచుతారో లేదో ఇంకా చెప్పలేదు. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. పిల్లలు ఉప్పు ఎక్కువైందన్నారని ఒకసారి ఏడ్చింది. వచ్చేయమందామని నోటిదాకా వచ్చింది, అనలేదు. ఇక్కడ ఆమె గది ఊడ్చే ఉంచుతున్నాను, అది కూడా చెప్పలేదు.

రోజూ పొద్దున ఫోన్ తీసి మొదటి ప్రకటన చూడటం మాత్రం మానలేకపోతున్నాను. ఆమె ఎలా ఉందో, భయం తగ్గిందో, అందులో తెలుస్తుందేమోనని చూస్తాను. ఇప్పుడు అందులో ఆమె లేదు. నిన్న ఉదయం ఫోన్ ఒక్కరికి సరిపోయే చిన్న రైస్ కుక్కర్ చూపించింది. అంతకుముందు రోజు మధ్యాహ్నం, ఒక్క మనిషికి ఎన్ని బియ్యం పోయాలని వెతికింది నేనే.